పిచ్చివాళ్ళకా, వెర్రివాళ్ళకా? ఒక టీషర్టు మీది మాట

మా మేనల్లుడు స్టుట్‌గార్ట్‌లో చదువుతున్నాడు. జర్మన్ రచయిత హెర్మన్ హెస్సె పుట్టిన కాల్వ్ ఊరు అక్కడికి దగ్గరే. మొన్న సెలవులకి వస్తూ ఓ నల్ల టీషర్టు తెచ్చుకున్నాడు. దాని మీద తోడేలు తల, కింద జర్మన్‌లో ‘నూర్ ఫ్యూర్ ఫెర్ర్యూక్టె’ అని ఉంది, అంటే మతి తప్పినవాళ్ళకే అని. 1927లో వచ్చిన హెస్సె నవల ‘స్టెప్పెన్‌వోల్ఫ్’ (స్టెపీ మైదానాల తోడేలు)లో, మాయా థియేటర్ తాలూకు వెలుగు అక్షరాల్లో హీరోకి కనబడే మాట అది. తెలుగులో అదే వేయించి స్నేహితులకి పంచుతానంటాడు. నేను ‘వెర్రివాళ్ళకే’ అన్నాను. వాడు మొహం అదోలా పెట్టాడు. ఏమంటే బాగుంటుందంటారు?

—

మొహం పెట్టడా మరి! పైన తోడేలు బొమ్మ, కింద ‘వెర్రి’. మా ఊళ్ళో ఎవరైనా చూస్తే బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లే గుర్తొస్తాయి. వెర్రికుక్క అంటాం కదండీ.

—

అంత తీసెయ్యకండి. ‘వెఱ్ఱి’ పాత మాట, బండి ఱ తో రాసేవాళ్ళం. వేమనని ‘వెర్రి వేమన’ అన్నది తిట్టడానికా? లోకం లెక్కలకి లొంగనివాడని. హెస్సె పాత్రలు కూడా ఆ బాపతే.

—

జర్మన్ మాట లోపల చూడండి. ‘ర్యూకెన్’ అంటే జరపడం, జరగడం. ఫెర్ర్యూక్ట్ అంటే ఉన్నచోటు నుంచి పక్కకి జరిగినవాడు. మనకీ ఉంది: ‘మతి చలించింది’. చలించడమూ కదలడమే కదా. కుదురుగా ఉంటే మతిస్థిమితం, కదిలితే పిచ్చి. రెండు భాషలూ పిచ్చిని చోటు లెక్కలోనే చూశాయి. అలాగని చొక్కా మీద ‘మతి చలించినవారికి’ అని వేస్తే ఆస్పత్రి వార్డు బోర్డులా ఉంటుంది, వద్దు. ఇంకొకటి, ఇంగ్లీషులో దీన్ని ‘మ్యాడ్‌మెన్’ అన్నారు, మగవాళ్ళే మిగిలారు. జర్మన్ బహువచనంలో ఆడా మగా తేడా లేదు. మన ‘వాళ్ళు’లోనూ లేదు, కాబట్టి తెలుగే దగ్గర.

—

అసలు తేలాల్సింది ‘నూర్’, అంటే ‘మాత్రమే’, సంగతి. మాటల్లో అయితే ‘పిచ్చోళ్ళకే’ చాలు, ఒక్క ఏ తో పని అయిపోతుంది. కానీ ఇది థియేటర్ బోర్డు మాస్టారూ! మన థియేటర్ల పోస్టర్ల మీద ‘పెద్దలకు మాత్రమే’ అని చూస్తూ పెరిగాం. అందుకని ‘పిచ్చివారికి మాత్రమే’. ఆ ‘వారు’ తియ్యొద్దు. పిచ్చివాళ్ళని అంత మర్యాదగా లోపలికి పిలవడంలోనే ఉంది చమత్కారం. పైగా పిచ్చిలో ప్రేమ కూడా ఉంది: పుస్తకాల పిచ్చి, పిచ్చితల్లి. ఎవరూ నాటకుండా తనంతట తను మొలిచేది పిచ్చిమొక్క. హెస్సెకి ఇంతకన్నా ఏం కావాలి?

—

చర్చకి కాస్త పక్కకి (ఫెర్ర్యూక్ట్!). హెస్సె తల్లి పుట్టింది కేరళలో, తలశ్శేరిలో. ఆమె తండ్రి గుండెర్ట్ మలయాళ నిఘంటువు చేసినవాడు. ఆయన పెళ్ళి 1838లో మా చిత్తూరులో జరిగింది. కాబట్టి తెలుగు చొక్కా మీద మాకూ కొంచెం హక్కుంది. నాకొకటి, ఎక్స్‌ఎల్.

—

అందరికీ నమస్కారం. ‘పిచ్చివారికి మాత్రమే’ ఖాయం చేసి ప్రింటింగ్ షాపుకి వాట్సాప్‌లో పంపాం. వాళ్ళ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అతికించగానే వత్తులు ఊడిపోయాయి. శాంపిల్ మీద ‘పిచ్‌చివారికి మాత్‌రమే’ అని వచ్చింది. ప్రింటింగ్ వాళ్ళు వాడే తెలుగు ఫాంటు ‘అను’లో మళ్ళీ టైపు చేయిస్తానన్నాను. మావాడు ఆ శాంపిల్ తొడుక్కుని తిరుగుతున్నాడు, ఇదే సరైనదట. వత్తులు కూడా ఉన్నచోటు నుంచి పక్కకి జరిగాయి కదా మామయ్యా, అంటున్నాడు.