నాఫ్తాల్ ఫ్లోరోసెన్స్‌లో రెండో పీక్ ఎక్కడి నుంచి వస్తోంది?

ఎమ్మెస్సీ_ప్రాజెక్టు:
2-నాఫ్తాల్ అనే బలహీన ఆమ్లాన్ని నీళ్లలో కరిగించి ఫ్లోరోసెన్స్ (కాంతిని పీల్చుకుని తిరిగి విడిచే వెలుగు) తీస్తున్నానండి. పీహెచ్ 6 దగ్గర ఉంది, దీని పీకేఏ (ఆమ్ల బలాన్ని చెప్పే సంఖ్య, ఎంత తక్కువైతే అంత బలం) 9.5 కదా, పీహెచ్ దానికి బాగా కిందే ఉంది, అంటే ప్రోటాన్ ఊడే ప్రశ్నే లేదు, అబ్సార్ప్షన్‌లోనూ (కాంతిని పీల్చుకునే తీరులోనూ) ప్రోటాన్ పోయాక మిగిలే అయాన్ జాడ లేదు. కానీ ఫ్లోరోసెన్స్‌లో 355 నానోమీటర్ల పీక్‌తో పాటు 420 దగ్గర ఇంకోటి వస్తోంది. క్యూవెట్ (శాంపిల్ పోసే చిన్న పాత్ర) మూడుసార్లు కడిగాను, ద్రావణం మళ్లీ కొత్తగా చేశాను, అయినా అదే. మా సీనియర్ శాంపిల్‌లో కల్తీ ఉందంటున్నాడు. ఎల్లుండి గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

పాత_లెక్చరర్:
కల్తీ కాదమ్మా, నీ శాంపిల్ బాగానే ఉంది. 9.5 అనేది చీకట్లో ఉన్న నాఫ్తాల్ సంగతి. అతినీలలోహిత కాంతిని పీల్చుకోగానే ఆక్సిజన్ మీది ఎలక్ట్రాన్ సాంద్రత కొంత రింగులోకి జరుగుతుంది, దాంతో ప్రోటాన్ మీద పట్టు సడలుతుంది, పీకేఏ ఏకంగా 2.8కి పడిపోతుంది. అంటే దాదాపు 50 లక్షల రెట్లు బలమైన ఆమ్లం! కాంతిని పీల్చుకున్న ఈ ఉత్తేజిత స్థితి ఉండేది కొన్ని నానోసెకన్లే, ఆలోపు కొన్ని అణువులు ప్రోటాన్‌ని నీటికి ఇచ్చేసి అయాన్‌గా వెలుగుతాయి, అదే నీ 420. మిగతావి ఇవ్వకుండానే వెలుగుతాయి, అది 355. 1949లోనే ఫర్‌స్టర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇలాంటి రంగులను ఈ రకంగా వివరించాడు.

స్పెక్ట్రో_రాజు:
గైడ్ నమ్మాలంటే ఇథనాల్‌లో ఒకసారి తీసి చూపించండి. ప్రోటాన్‌ని పట్టుకోవడంలో నీళ్లకున్న చురుకు దానికి లేదు, 420 కనిపించదు. అన్నిటికీ ఇలాగే జరుగుతుందని మాత్రం రాయకండి, నాఫ్తోయిక్ ఆమ్లం లాంటి ఆరోమాటిక్ కార్బాక్సిలిక్ ఆమ్లాలు వెలుగులో బలహీనపడతాయి, అక్రిడిన్ అయితే ఇంకా బలమైన క్షారం అవుతుంది.

ఎమ్మెస్సీ_ప్రాజెక్టు:
మరి దీపం వేస్తే పీహెచ్ మీటర్‌లో ఎందుకు తేడా రావట్లేదు సార్?

పాత_లెక్చరర్:
వెలుగు విడిచి కింది స్థితికి రాగానే ఆ అయాన్ ప్రోటాన్‌ని మళ్లీ తీసేసుకుంటుంది, మీటర్ అంత వేగంగా చూడలేదు. నిమిషాల తరబడి ఆమ్లంగా నిలిచేవి కావాలంటే మెరోసయనిన్ రకం అణువుల గురించి చదువు, వాటిలో వెలుగు పడితే నిర్మాణమే మారుతుంది.

ఎమ్మెస్సీ_ప్రాజెక్టు:
ఇప్పుడే ఇథనాల్‌లో తీశాను. 355 ఒక్కటే ఉంది, 420 దగ్గర గీత చదునుగా పోయింది!