ఒంట్లో బాగానే ఉన్నా హెపటైటిస్ టెస్ట్ చేయించుకోవాలా?

మాది గాజువాక. మా తమ్ముడు రక్తదానం చేశాక ఫోన్ వచ్చింది, హెపటైటిస్ బి (కాలేయానికి సోకే వైరస్) పాజిటివ్ అని. వాడికి 32 ఏళ్లు, రోజూ పొద్దున్నే పరుగుకి వెళ్తాడు, పచ్చకామెర్లు ఎప్పుడూ రాలేదు. అమ్మ భయపడి వాడి కంచం, గ్లాసు వేరే పెట్టేసింది. వాడు ఆ కంచం చూసి అన్నం ముట్టకుండా లేచిపోయాడు. ఇంట్లో అందరం టెస్ట్ చేయించుకోవాలా?

జవాబు 1: తప్పకుండా, ముందు అమ్మగారికి చేయించండి. పుట్టేటప్పుడు తల్లి నుంచి బిడ్డకి వచ్చి, ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండిపోవచ్చు. కలిసి తింటే ఇది అంటదు, ఆ కంచం తీసేయమనండి! బ్లేడు, టూత్‌బ్రష్ మాత్రం ఎవరివి వాళ్లవే. నెగటివ్ వచ్చి, ఇంతకుముందు టీకా వేయించుకోనివాళ్లు మూడు డోసులు వేయించుకోవాలి: మొదటి రోజు, నెలకి, ఆరు నెలలకి.

జవాబు 2: ల్యాబ్‌లో పనిచేస్తాను. హెపటైటిస్ సి టెస్ట్ కూడా అడగండి. దానికి టీకా లేదు గానీ, చాలామందికి 12 వారాల మాత్రలతో నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద టెస్టులు, మందులు ఉచితం. విశాఖలోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో కనుక్కోండి. పసరు మందు జోలికి మాత్రం పోవద్దు.

అడిగినవారు: థాంక్స్ అండీ. రేపు అమ్మని తీసుకుని కేజీహెచ్‌కి వెళ్తున్నాం. తమ్ముడి గ్లాసు మళ్లీ మా అందరి గ్లాసుల పక్కనే పెట్టేశాను.