తట్టు ఉన్న పిల్లాడితో ఒకే ఇంట్లో గడిపాం. కనుమ తీర్థానికి వెళ్లొచ్చా, మానాలా?

పాలకొల్లు కోడలు (మంగళవారం ఉదయం):
మొన్న ఆదివారం అమలాపురం దగ్గర చుట్టాలింట్లో బారసాలకి వెళ్లాం. అక్కడ ఒక బాబుకి ఒళ్లు కాలిపోతోంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముక్కు కారుతోంది. దిష్టి అన్నారు. వాణ్ణి అందరూ ఎత్తుకున్నారు. నిన్న రాత్రి చెవుల వెనక మొదలై మొహం నిండా దద్దుర్లు వచ్చాయట. పీహెచ్‌సీ డాక్టరు తట్టులా ఉందని రక్తం తీసి పరీక్షకి పంపారట. ఈ సంగతి మాకు ఫోన్ చేసి చెప్పింది ఆ రోజు వంటకి వచ్చినావిడ. ఇంటివాళ్లు ఇంతవరకూ నోరు విప్పలేదు.
మా ఇంట్లో పెద్దాడికి ఆరేళ్లు, టీకా రెండు డోసులూ పడ్డాయి. చంటిదానికి ఎనిమిదో నెల. ఆడపడుచు కొడుకు నాలుగేళ్లవాడు మా అత్తగారి దగ్గరే ఉంటాడు, వాళ్లమ్మ కువైట్‌లో ఉంది. వాడి టీకా కార్డు ఎక్కడుందో ఎవరికీ తెలీదు. తోడికోడలికి ఐదో నెల. అందరం ఆ బారసాలలో ఉన్నవాళ్లమే.
కనుమకి కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి, అదే ఆ జాతరకి, వ్యాన్ మాట్లాడేశారు. "ఎవరికీ ఏమీ లేదుగా, వెళ్దాం" అంటున్నారు మా ఆయన. నాకేమో కాళ్లాడటం లేదు.

రేవు బాబాయ్:
అమ్మాయ్, మా రోజుల్లో అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టి, ఇంట్లో తాలింపు మానేసి, తగ్గాక తలంటు పోసేవారు. లంకల్లో పిల్లలందరం అలా పెరిగినవాళ్లమే. చిన్నప్పుడే వచ్చిపోతే మళ్లీ జన్మలో రాదు కదా! ఒంటిమీద చుక్క కూడా లేని పిల్లల్ని పండగపూట గదిలో పెట్టడం ఎందుకండీ. హాయిగా వెళ్లి రండి.

విలేజ్ క్లినిక్ సిస్టర్:
బాబాయ్ గారూ, తీర్థం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు గడియారం చూడాలి. ఆదివారం మధ్యాహ్నం అంటున్నారు, అంటే రేపు మధ్యాహ్నానికి 72 గంటలు. ఆలోపు ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా పడితే తట్టు రాకుండానే ఆగొచ్చు, వచ్చినా తేలిగ్గా పోవచ్చు. కార్డు లేకపోతే నాలుగేళ్లవాడికి టీకా పడనట్టే లెక్క. ఒకవేళ ముందే పడి ఉన్నా ఇంకొకటి పడినందువల్ల నష్టం లేదు. రేపు బుధవారం, టీకాల రోజే. పొద్దున్నే తీసుకెళ్లండి. ఒక్కో వయల్‌లో, అంటే టీకా సీసాలో, పలువురికి సరిపడా మందు ఉంటుంది, కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి కాబట్టి ఒక్కడి కోసం విప్పడానికి కొందరు వెనకాడతారు. అప్పుడు మీరు మొహమాటపడకండి. తట్టు పిల్లాడితో కలిసి ఉన్నాడని స్పష్టంగా చెప్పండి. నేనైతే ఒక్కడికైనా విప్పుతాను.
చంటిదానికి మామూలుగా తొమ్మిది నెలలు నిండాకే వేస్తాం. కానీ తట్టు తిరుగుతున్న చోట ఆరు నెలలు దాటిన పిల్లలకి ముందే వేసే పద్ధతి ఉంది. 2022లో ముంబైలో ప్రబలినప్పుడు, తొమ్మిది నెలల్లోపు పిల్లల కేసులు మొత్తంలో పదో వంతు దాటిన ప్రాంతాల్లో ఆరు నెలల నుంచే వేయమని కేంద్రం చెప్పింది. ఆ డోసు లెక్కలోకి రాదు. తొమ్మిది నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకొకటి మామూలుగానే వేయించాలి. అయితే ఎనిమిదో నెల పాపకి నా అంతట నేను వేయలేను, మెడికల్ ఆఫీసర్ చూసి రాయాలి. పాపని కూడా రేపే చూపించండి.

కాకినాడ మెడికో:
తోడికోడలి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇది బతికున్న వైరస్‌ని బలహీనపరిచి చేసిన టీకా, గర్భిణికి వేయరు. ఆవిడకి చిన్నప్పుడు తట్టు వచ్చినట్టు రుజువుందా, రెండు డోసులు పడ్డాయా కనుక్కోండి. తెలియకపోతే ఒంట్లో తట్టు నుంచి రక్షణ ఉందో లేదో చూపే తట్టు ఐజీజీ రక్తపరీక్ష చేయించాలి. రక్షణ లేదని తేలితే ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే తయారుగా ఉన్న యాంటీబాడీలు, ఇస్తారు, అది ఆరు రోజుల్లోపు పడాలి. మీ లెక్కలో శనివారం. దొరకడం అంత తేలిక కాదు కాబట్టి ఇవాళే ఆవిడ చూపించుకునే డాక్టరుతో మాట్లాడండి. గర్భిణికి తట్టు వస్తే న్యుమోనియా, నెలలు నిండకుండా కాన్పు, గర్భం పోవడం దాకా ప్రమాదం ఉంది.
ఇంకో మాట. బారసాల ఎవరికి? ఆ పసిగుడ్డుకి! అంత చిన్న బిడ్డకి టీకా వేయరు. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఉంటే సరే, లేకపోతే ఇమ్యునోగ్లోబ్యులినే దారి. ఆ తల్లికి ఎవరైనా ఈ మాట చెప్పారా?

పాలకొల్లు కోడలు:
అక్కడే పీటముడి. జ్వరం వచ్చిన బాబు వాళ్ల వియ్యపురాలి మనవడు. నేను ఫోన్ చేస్తే "మావాళ్ల మీద నింద వేస్తారా" అంటారు.

రేవు బాబాయ్:
మరేనండి, శుభకార్యానికి వెళ్లొచ్చి ఊరంతా టాంటాం వేస్తే రేపు మన గడప ఎవరు తొక్కుతారు?

భీమవరం చెరువుగట్టు:
బాబాయ్ గారు పరువు అంటున్నారు కానీ, ఫోన్ చేసిన వంటావిడకి ఉన్నపాటి బాధ్యత ఆ ఇంట్లో ఒక్కరికీ లేకపోయింది, నాకు అదీ ఒళ్లుమంట. దద్దుర్లు పైకి రాకముందు నాలుగు రోజుల నుంచే అంటుకుంటుంది ఈ జబ్బు. ఎవరూ కావాలని తేలేదు, ఇందులో నింద ఏముంది? "బాబుకి తట్టు అట, చంటిపిల్లలూ గర్భిణులూ ఉన్నవాళ్లు రేపటిలోగా డాక్టర్ని కలవండి" అని బారసాల గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టండి, ఎవరి పేరూ అక్కర్లేదు.
చిన్నప్పుడే వచ్చిపోతే మంచిదన్నారు. మా నాన్నగారి మేనత్తకి తట్టు తర్వాత ఒక కన్ను పోయింది. ఆవిణ్ణి అడిగితే ఇంకోలా చెప్పేవారు.

అంగన్‌వాడీ పక్కిల్లు:
ఇదంతా సరే. నాలుగేళ్లవాణ్ణి 21 రోజులు ఇంట్లో ఉంచమంటారు కదా, అది అయ్యే పనేనా? వాడి అమ్మమ్మకి మోకాళ్ల నొప్పులు, వాడు అంగన్‌వాడీకి వెళ్తేనే ఆవిడకి ఊపిరి. గుడ్డు, పాలు, అన్నం అక్కడే. జబ్బు లేని పిల్లాడికి శిక్ష ఎందుకు? విటమిన్ ఏ సిరప్ పట్టించి పంపేస్తే పోలా?

విలేజ్ క్లినిక్ సిస్టర్:
విటమిన్ ఏ తట్టు రాకుండా ఆపదండీ. వచ్చిన పిల్లలకి కళ్లూ ప్రాణమూ కాపాడటానికి రెండు రోజులు వరసగా ఇస్తాం, ఏడాది దాటితే 2 లక్షల యూనిట్ల చొప్పున. ఇంట్లో తోచినంత పోస్తే విషమే. అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ కూడా వద్దు, వైరస్‌కి అది పనిచేయదు.
ఇక 21 రోజులు అందరికీ కాదు. పెద్దాడికి రెండు డోసులూ ఉన్నాయి, నూటికి 97 మందికి అవి కాపలా కాస్తాయి. వాడు బడికి వెళ్లొచ్చు. నాలుగేళ్లవాడికి రేపు మధ్యాహ్నంలోపు టీకా పడితే వాణ్ణీ పంపొచ్చు, రోజూ జ్వరం చూసుకుంటూ. టీకా పడకపోతే మాత్రం కలిసిన అయిదో రోజు నుంచి ఇరవయ్యొకటో రోజు దాకా పంపకూడదు. గుడ్లు ఇంటికి ఇమ్మని అంగన్‌వాడీ టీచర్ని అడగండి, కారణం చెబితే పిల్లాణ్ణి పంపొద్దని ఆవిడే అంటుంది.

అంగన్‌వాడీ పక్కిల్లు:
అడగొచ్చు, ఇవ్వాలి కదా. పండగ రోజుల్లో ఆ ముసలావిడ వాణ్ణి ఎలా పట్టుకుంటుందో మీరే చెప్పాలి.

రాజోలు రామచిలుక:
తీర్థం ఆరుబయట కదండీ, గాలికి పోతుంది.

కాకినాడ మెడికో:
తోటలో గాలి ఉంటుంది, వ్యాన్‌లో ఉండదు. తట్టు మనిషి వెళ్లిపోయాక కూడా ఆ గది గాలిలో రెండు గంటల దాకా వైరస్ ఉంటుంది. అద్దాలు మూసి ఏసీ వేసి అంతమంది కూర్చుంటే ఇక చెప్పేదేముంది. పైగా కనుమ మీకు పన్నెండో రోజు. జ్వరం, దద్దుర్లు బయటపడే రోజులు సరిగ్గా అవే. ఎవరికైనా జ్వరమూ దగ్గూ మొదలైతే నేరుగా ఆసుపత్రి హాల్లోకి తీసుకెళ్లకండి. ముందు ఫోన్ చేస్తే విడిగా చూస్తారు.

పాలకొల్లు కోడలు (బుధవారం రాత్రి):
నాలుగేళ్లవాడికి పదకొండింటికి పడింది. డాక్టరు చంటిదానికి కూడా రాశారు. తోడికోడలి రక్తం ల్యాబ్‌కి వెళ్లింది, రిపోర్టు రేపు. గ్రూపులో మెసేజ్ పెట్టాను. వియ్యపురాలు గ్రూపులోంచి వెళ్లిపోయారు, బారసాల పాప వాళ్లమ్మ మాత్రం విడిగా ఫోన్ చేసి డాక్టరు నంబరు అడిగింది.
కనుమకి మా ఆయనా పెద్దాడూ బండి మీద వెళ్తారు. చిన్నవాళ్లిద్దరూ, నేనూ ఇంట్లోనే. తోడికోడలు పుట్టింటికి వెళ్తానంటోంది.

రేవు బాబాయ్:
సరే తల్లీ, నీ ఇష్టం. ప్రభలు టీవీలో చూడు.

విలేజ్ క్లినిక్ సిస్టర్:
పుట్టింట్లో చంటిపిల్లలున్నారేమో కనుక్కోండి. రిపోర్టు వచ్చేదాకా ఆగమనండి.