బడిలోనే సస్పెన్షన్: ఆ గదిలో గడిపే గంటలు వృథా కాకుండా ఏం చేయాలి?

ప్రశ్న
అల్లరి శ్రుతి మించిన పిల్లల్ని ఇంటికి పంపకుండా ఒకటి నుంచి మూడు రోజులు బడిలోనే వేరే గదిలో ఉంచుతున్నాం. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లు. ఇప్పుడు జరిగేదల్లా పాఠం ఎత్తి రాయడం, లేదంటే బల్ల మీద తల వాల్చి పడుకోవడం. వచ్చినవాళ్లే మళ్లీ వస్తున్నారు. ఏం మార్చాలి?

జవాబు 1
వచ్చినవాళ్లే వస్తున్నారంటే ముందు రిజిస్టర్ మార్చండి. పేరు, తేదీ చాలవు. ఏ పీరియడ్, ఏ పని చెప్పగానే గొడవ మొదలైంది, పంపిందెవరు, ఇవన్నీ ఉండాలి. లెక్కల పీరియడ్‌లో, అదీ బోర్డు దగ్గరికి పిలిచినప్పుడే తిరగబడే పిల్లాడికి మీ గది శిక్షే కాదు. లెక్కల పీరియడ్ తప్పించుకున్నాడు, వాడికి కావాల్సిందీ అదే.

అలాంటివాడికి మొదటి గంటలోనే ఆ లెక్కలే ఇచ్చి పక్కన కూర్చోండి. రెండు మీరు చేసి చూపించండి, రెండు కలిసి చేయండి, మూడు వాడితో చేయించండి. భిన్నాల దగ్గర ఆగాడా, ఎక్కాల దగ్గరే ఆగాడా అన్నది లెక్కల టీచర్‌కు రాసి పంపండి. చదవడం రాని సంగతి దాచుకోవడానికి గోల చేసేవాళ్లూ ఉంటారు. మొద్దు అనిపించుకోవడం కంటే పోకిరీ అనిపించుకోవడమే వాళ్లకు నయం. పక్కన ఎవరూ లేనప్పుడు ఒక పేరా పైకి చదివిస్తే చాలావరకు తెలిసిపోతుంది.

ఎత్తి రాయించడం మాత్రం ఈరోజే ఆపేయండి. దానివల్ల రాయడమంటేనే విసుగు పుడుతుంది.

జవాబు 2
జరిగినదాని గురించి రాగానే అడగకండి. కోపం చల్లారకముందు వచ్చేవి సాకులే. ముందు 40 నిమిషాలు చదువు, 5 నిమిషాలు విరామం, మళ్లీ 40 నిమిషాలు చదువు, ఆ తర్వాతే మాటలు. ‘ఎందుకు చేశావు?’ అంటే ‘ఏమో’ అనే వస్తుంది. ఇలా అడగండి: ఏం జరిగింది? దానికి ముందు ఏమైంది? ఎవరికి ఇబ్బంది కలిగింది? సరిచేయడానికి నువ్వేం చేయగలవు? మళ్లీ అదే జరిగితే మొదట ఏం చేస్తావు?

రాయలేనివాడు చెబుతుంటే మీరు రాయండి. చివరి ప్రశ్నకు జవాబు కాగితం మీదే ఆగిపోకూడదు. మీరు టీచర్‌లా నటించి, వాడి చేత రెండు మూడుసార్లు అనిపించండి: ‘సార్, నాకిది అర్థం కాలేదు, తర్వాత అడగొచ్చా?’

కొట్టుకున్న ఇద్దరినీ ఒకే రోజు ఆ గదిలో పెట్టకండి.

ప్రశ్న అడిగినవారు
బాగుందండీ. కానీ టీచర్లు పని పంపడం లేదు. పంపినా మధ్యాహ్నానికి వస్తోంది.

జవాబు 3
అది అన్నిచోట్లా ఉన్నదే. టర్మ్ మొదట్లోనే ఒక్కో తరగతికి, ఒక్కో సబ్జెక్టుకు ఐదు పాఠాల పని, జవాబులతో సహా, ఫైలు చేయించి గదిలో పెట్టుకోండి. చేసిన పనికి తరగతిలో మార్కులు పడాలి. పడవని తెలిస్తే పిల్లలు పెన్ను ముట్టరు.

అసలు చిక్కంతా వెనక్కి పంపేటప్పుడు. తిన్నగా తరగతిలోకి తోసేస్తే మొదటి పీరియడ్‌లోనే పాత గొడవ. పంపిన టీచర్‌తో ముందుగా పది నిమిషాలు కూర్చోబెట్టండి, బలవంతపు క్షమాపణ వద్దు. తర్వాత రెండు మూడు వారాలు ఒక కార్డు: మూడు లక్ష్యాలు, పీరియడ్‌కు ఒక్కోదానికి టీచర్ వేసే 0, 1 లేదా 2 మార్కులు. ఆరు పీరియడ్లకు మొత్తం 36, చివరికి చేరాల్సింది అందులో 80 శాతం, అంటే దాదాపు 29. మొదటి రోజే 29 అడగకండి. ఇప్పుడు 15 తెచ్చుకునేవాడికి 18 పెట్టి, అందుకున్నాక పెంచండి. ‘బుద్ధిగా ఉండాలి’ లాంటి లక్ష్యానికి ఎవరూ సరిగ్గా మార్కులు వేయలేరు, ‘చెయ్యెత్తి మాట్లాడాలి’ అయితే వేయగలరు. పొద్దున కార్డు ఇచ్చేదీ సాయంత్రం చూసేదీ ఒకే మనిషి కావాలి. సున్నా పడ్డప్పుడల్లా తిట్టే టీచర్ ఉంటే ముందు ఆయనతో మాట్లాడండి, లేకపోతే రెండో రోజుకే పిల్లాడు కార్డు ‘పోయింది’ అంటాడు.