బీచ్ పక్కన కొత్త రెస్టారెంట్‌లో 8,455 బిల్లు, ముల్లు లేని ‘వంజరం’, పైగా వ్యూకి చార్జీ. ఏం అడగొచ్చు?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖ నుంచి)

నమస్కారం అండి. మొన్న ఆదివారం అమ్మానాన్నల పెళ్లిరోజని రుషికొండ దాటాక భీమిలి రోడ్డులో, సముద్రం పక్కనే కొత్తగా తెరిచిన ఒక పెద్ద రెస్టారెంట్‌కి వెళ్లాం. పేరు రాయడం లేదు. ఆరుగురం. వ్యూకి వంక పెట్టడానికి లేదు. తిండి దగ్గరే ఉసూరుమనిపించింది. చేపల పులుసు చల్లారిపోయి పైన నూనె తెట్టె కట్టి ఉంది. రొయ్యలకి నల్ల నరం తీయలేదు, నాన్న ఒక్కోదాన్ని చెంచాతో చీల్చి చూసి పక్కన పెట్టేస్తూ కూర్చున్నారు. గుమ్మం దగ్గర బోర్డు మీద ‘ఈరోజు పట్టిన వంజరం’ అని ఉంటే తవా ఫ్రై చెప్పాం. మెనూలో దానికి రేటు లేదు, ‘సైజును బట్టి’ అని రాసి ఉంది. వచ్చినవి తెల్లగా, మెత్తగా, ఒక్క ముల్లు కూడా లేని ముక్కలు. దానికి 2,160 వేశారు.

మొత్తం తిండి, డ్రింకులు, నీళ్లు కలిపి 7,320. దాని మీద ‘సీ ఫ్రంట్ ఎక్స్‌పీరియన్స్ చార్జ్ 10 శాతం’ అని 732. ఆ రెండింటి మీద జీఎస్టీ 5 శాతం 402.60. రౌండ్ చేసి 8,455 కట్టించుకున్నారు. మూడు వాటర్ బాటిళ్లకే 360. అమ్మానాన్నల ముందు గొడవెందుకని కట్టేసి వచ్చాం. ఇప్పుడు దీంట్లో ఏదైనా వెనక్కి అడగొచ్చా? లేక వదిలేయడమేనా?

జవాబు (గాజువాక)

సముద్రం గవర్నమెంటుది, చార్జీ మాత్రం వీళ్లది! మేమూ వెళ్లాం అక్కడికి. సాయంత్రం ఫొటోలు దిగి, టీ తాగి వచ్చేయడానికైతే బాగుంటుంది.

జవాబు (మధురవాడ)

వాటర్ బాటిల్ ఎంఆర్‌పీ 20 ఉంటే 120 ఎలా వేస్తారండి? తూనికలు కొలతల శాఖకి కంప్లయింట్ ఇవ్వండి, దెబ్బకి దిగొస్తారు.

జవాబు (సీతమ్మధార, హోటళ్లకి అకౌంట్లు చూస్తాను)

మధురవాడ బ్రదర్, బాటిల్ విషయంలో ఆ దారి మూసుకుపోయింది. హోటళ్లు, రెస్టారెంట్లు బాటిల్ నీళ్లని ఎంఆర్‌పీకి మించి అమ్ముకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కూర్చోబెట్టి వడ్డించడం కూడా అందులో కలిసి ఉంటుందన్నది దాని లెక్క. మనకి నచ్చినా నచ్చకపోయినా అంతే. ఇకమీదట అడక్కుండా బాటిల్ తెచ్చి పెడితే మూత తీయకముందే తీసుకెళ్లమనండి, మామూలు నీళ్లు అడగండి.

అడిగిన మేడమ్‌కి అసలు జవాబు. మీ ఫిర్యాదుని రెండు ముక్కలు చేసుకోండి. పులుసు చల్లారింది, రొయ్యలు సరిగ్గా శుభ్రం చేయలేదు అన్నవి టేబుల్ దగ్గర, అప్పటికప్పుడు మేనేజర్‌ని పిలిచి చూపించి మార్పించుకోవాల్సినవి. తినేసి డబ్బు కట్టి వచ్చాక వాటి మీద పెద్దగా రాదు. రుచికి కొలత లేదు కదా. బిల్లులో రాసి ఉన్నది మాత్రం ఎక్కడికీ పోదు, దాన్ని పట్టుకోండి.

ఆ 732 ముందు చూద్దాం. సర్వీస్ చార్జీని బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. ఇంకో పేరు పెట్టి కూడా వసూలు చేయకూడదని అందులోనే ఉంది. తిండి బిల్లులో కలిపి మొత్తం మీద జీఎస్టీ వేయకూడదనీ ఉంది. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకెళ్తే 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. సంఘాలు అప్పీలుకి వెళ్లాయి, అది వేరే సంగతి. మీ బిల్లులో ఈ మూడూ కనిపిస్తున్నాయి: అడక్కుండా కలిపారు, పేరు మార్చారు, దాని మీద పన్ను కూడా వేశారు.

‘ఇది సర్వీస్ చార్జీ కాదు, వ్యూకి’ అంటారు, సిద్ధంగా ఉండండి. టేబుల్ బుక్ చేసేటప్పుడే సముద్రం వైపు టేబుల్‌కి ఇంత అని చెప్పి, మీరు ఒప్పుకుని ఉంటే వాళ్ల మాటకి బలం ఉండేది. చివర్లో తిండి మొత్తం మీద శాతం లెక్క కట్టి కలిపితే అది సర్వీస్ చార్జీ కాక ఇంకేంటండి? మీకు రావాల్సింది 732, దాని మీద పడ్డ జీఎస్టీ 36.60, మొత్తం 768.60.

జీఎస్టీ 5 శాతం వరకు సరైనదే. గది అద్దె 7,500 దాటే పెద్ద హోటల్ లోపలి రెస్టారెంటైతే 18 వేస్తారు, అది కూడా చట్టప్రకారమే. బిల్లు మీద జీఎస్టీ నంబరు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉన్నాయేమో చూడండి. ఆహార లైసెన్స్ నంబరు బిల్లు మీద ఉండాలన్న నిబంధన 2022 జనవరి నుంచి ఉంది. కొత్తగా తెరిచిన చోట్ల ఇది తరచూ మర్చిపోతుంటారు.

జవాబు (జాలారిపేట, మాది చేపల వ్యాపారం)

చేప సంగతి నేను చెప్తాను. ముందు ఒకటి, ఇది మే నెల. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మరబోట్లు, మోటారు బోట్లు కదలవు. ఇంజన్ లేని తెప్పల మీద వెళ్లేవాళ్లు ఒడ్డుకి దగ్గర్లో కవ్వలు, కానాగంతలు లాంటి చిన్న చేపలు తెస్తారు. ఇలాంటప్పుడు రోజూ రెస్టారెంట్ మెనూకి సరిపడా ‘ఈరోజు పట్టిన వంజరం’ ఎక్కడ దొరుకుతుందో నాకైతే తెలీదు. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న మొదలవుతుంది కాబట్టి మే నెలాఖరు దాకా అటువైపు నుంచి ఐసులో వంజరం వస్తుంది. అది మంచి చేపే, తప్పేం లేదు, కాకపోతే ఈరోజుది కాదు.

ఇక ముక్క. వంజరాన్ని సాధారణంగా అడ్డంగా చక్రాల్లా కోస్తారు. మధ్యలో గుండ్రటి వెన్నుముల్లు, చుట్టూ పలచటి వెండి రంగు తోలు, కండ గట్టిగా ఉంటుంది. వేపాక రేకులు రేకులుగా విడుతుంది కానీ నీరు ఊరదు. మీరు చెప్పినట్టు తెల్లగా, మెత్తగా, ఒక్క ముల్లూ లేకుండా ఉంటే చెరువుల్లో పెంచే పంగస్ అయ్యుండొచ్చు, రెస్టారెంట్లలో బాసా అని పెడతారే అది. చూడకుండా ఒట్టేసి చెప్పలేను. కానీ వంజరం ధరకీ దాని ధరకీ పొంతనే ఉండదు.

‘సైజును బట్టి’ అని ఉన్నప్పుడు చేపని టేబుల్ దగ్గరికి తెప్పించుకోండి. వంద గ్రాములు ఎంత, ఇది ఎన్ని గ్రాములు, కోయకముందు బరువా కోశాక బరువా అని అడిగి, ఆ తర్వాతే వండమనండి. పీతలకీ ఇంతే. నిషేధం రోజుల్లో నన్నడిగితే పండుగప్పో వనామి రొయ్యలో చెప్పుకోవడం మేలు. చెరువు సరుకు కాబట్టి ఈ రెండు నెలలూ తాజాగానే దొరుకుతుంది.

జవాబు (అడిగిన వ్యక్తి)

చాలా థ్యాంక్స్ అండి. బిల్లు మీద చేప బరువే లేదు, ‘వంజరం తవా – 1’ అని మాత్రం ఉంది. ఫ్రై ఫొటో ఒకటి తమ్ముడి ఫోన్‌లో ఉంది. వాళ్లకి ఏమని రాయమంటారు? కోపంగా రాస్తే పని చెడుతుందని భయం.

జవాబు (సీతమ్మధార)

కోపం అక్కర్లేదు. ఇలా పంపండి: ‘ఫలానా తేదీ, ఫలానా నంబరు బిల్లు. నా అనుమతి లేకుండా 10 శాతం చార్జీ కలిపారు. 732, దాని మీద జీఎస్టీ 36.60 వెనక్కి ఇవ్వగలరు. వంజరం తవా ఫ్రైకి వాడిన చేప ఏది, బరువెంత, వంద గ్రాముల రేటెంత అన్నది రాతపూర్వకంగా చెప్పగలరు. బిల్లు, ఫొటో జత చేశాను. వారం రోజుల్లో జవాబు ఆశిస్తున్నాను.’ ఫోన్ చేయొద్దు, మెయిల్ గానీ వాట్సాప్ గానీ చేయండి.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి. చిన్న మొత్తాలు చాలావరకు అక్కడే తేలతాయి. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ల లోపు వేయొచ్చు. 768 కోసం అంత దూరం వెళ్లాలా అన్నది మీ ఓపిక. నేనైతే 1915 దగ్గర ఆగుతాను.

ఆన్‌లైన్ రివ్యూ రాస్తే జరిగింది జరిగినట్టు రాయండి, బిల్లు ఫొటో పెట్టండి. ‘దొంగలు’, ‘మోసగాళ్లు’ లాంటి మాటలు వద్దు. వాళ్లు లాయరు నోటీసుతో ఎదురు తిరగడానికి ఆ ఒక్క మాట చాలు.

జవాబు (అక్కయ్యపాలెం)

ఇంట్లో ఎవరికైనా కడుపు పాడైందా అండి? అయితే దారి వేరు. డాక్టర్ చీటీ దాచుకుని ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు పెట్టండి.

జవాబు (అడిగిన వ్యక్తి)

లేదండి, అందరం బాగానే ఉన్నాం.

అప్‌డేట్: మెసేజ్ పెట్టిన మర్నాడే మేనేజర్ జవాబిచ్చాడు. చార్జీ ‘ఐచ్ఛికం’ అట, 732 యూపీఐలో వేశాడు. వంజరం అయిపోతే వేరే చేప వాడారట, ఆ మాట వెయిటర్ మాకు చెప్పలేదట, సారీ అన్నాడు. ఫొటో చూశాక ఇక దాచలేకపోయాడేమో. దానికి బదులు 1,500 కూపన్ ఇస్తానంటున్నాడు, సోమవారం నుంచి గురువారం మధ్యలో వాడుకోవాలి. తీసుకోమంటారా?

జవాబు (సీతమ్మధార)

వద్దండి. కూపన్ కోసం మళ్లీ అక్కడే ఆరుగురికి భోజనం పెట్టించాలి. వేరే చేప వాడామని వాట్సాప్‌లో వాళ్లే రాశారు కదా, ఆ స్క్రీన్‌షాట్ జాగ్రత్త చేయండి. అడిగిన చేప ఇవ్వలేదు కాబట్టి దాని డబ్బు పూర్తిగా అడగండి: 2,160, జీఎస్టీ 108, కలిపి 2,268. మిగిలిన 36.60 కూడా అందులోనే కలిపి, సవరించిన బిల్లు గానీ క్రెడిట్ నోట్ (పాత బిల్లులో ఇంత తగ్గించామని వాళ్లు రాసిచ్చే కాగితం) గానీ ఇమ్మనండి. పన్ను సర్దుబాటు వాళ్ల లెక్కల్లో వాళ్లు చేసుకుంటారు, మీకేం నష్టం లేదు. కాదంటే అదే స్క్రీన్‌షాట్‌తో 1915.