వాల్యూమ్ పెంచితే సౌండ్ గుచ్చుకుంటోంది: తప్పు ఆంప్‌దా, గదిదా?

టైల్స్‌హాలు:
హాలు 12×15 అడుగులు, ఎత్తు 10. కింద విట్రిఫైడ్ టైల్స్, ఒక పక్క బాల్కనీ గాజు తలుపు. బుక్‌షెల్ఫ్ స్పీకర్లు 8 ఓములు, సెన్సిటివిటీ 86 డీబీ (డెసిబెల్). ఆంప్ (యాంప్లిఫయర్) చానల్‌కి 50 వాట్లు. సోఫా 3 మీటర్ల దూరంలో. మామూలు వాల్యూమ్‌లో హాయిగా ఉంటుంది. గట్టిగా పెడితే డప్పు, మృదంగం గరగరలాడుతున్నాయి, ఆడగొంతు పైస్థాయికి వెళ్లినప్పుడు చెవిలో గుచ్చుకుంటోంది. షాపువాళ్లు 100 వాట్ల ఆంప్ తీసుకోమంటున్నారు. తెలిసినవాళ్లు ముందు గోడలకి ధ్వని పీల్చే ప్యానెళ్లు పెట్టమంటున్నారు. డబ్బు ఒక్కదానికే ఉంది. ఏది ముందు?

రాక్‌ఊల్:
గదే. లెక్క చూడండి. మీ హాలు సుమారు 51 ఘనమీటర్లు. గోడలు, నేల, స్లాబు కలిపి 84 చదరపు మీటర్లు. టైల్స్, గాజు, పెయింటేసిన సిమెంటు ధ్వనిలో నూటికి మూడు వంతులు పీల్చుకుంటే గొప్ప, అంటే పూర్తిగా పీల్చే రెండున్నర చదరపు మీటర్ల లెక్క. సోఫాలు, మనుషులు కలిపి ఇంకో ఆరున్నర వేసుకుందాం. సబీన్ సూత్రంలో 0.161ని 51తో హెచ్చవేసి 9తో భాగిస్తే 0.9 సెకను వస్తుంది, చప్పుడు గదిలో చల్లారడానికి పట్టే సమయం అది. పాటలు వినే హాలుకి 0.4 నుంచి 0.5 ఉండాలి. ఒక అక్షరం చల్లారకముందే ఇంకోటి వచ్చి పడుతోంది. ఖాళీ గోడల మధ్య నిలబడి ఒక్క చప్పట కొట్టండి. టింగుమని లోహపు చప్పుడు సాగితే ఇంకేమీ కొలవక్కర్లేదు.

వోల్ట్‌మీటర్:
రాక్‌ఊల్ గారూ, లెక్క సరైనదే, కానీ అడిగినదానికి అది జవాబు కాదు. గోడ 70 డీబీలో ఎంత శాతం వెనక్కి కొడుతుందో 95లోనూ అంతే కొడుతుంది. తక్కువలో హాయిగా, ఎక్కువలో గరుకుగా ఉందంటే సిగ్నల్ దారిలో ఏదో హద్దు దాటింది. అది ఆంప్ కావచ్చు, స్పీకర్ కాయిల్ కావచ్చు.

పవర్ లెక్క: 86 డీబీ అన్నది 1 వాట్‌కి, 1 మీటర్ దూరంలో. 3 మీటర్లకి తొమ్మిదిన్నర పోతుంది, గది మూడున్నర దాకా తిరిగి ఇస్తుంది, రెండో స్పీకర్‌కి 3 కలపండి. సోఫా దగ్గర 1 వాట్‌కి సుమారు 83. సగటున 85 డీబీలో వింటుంటే పీక్‌లు (క్షణకాలం ఎగసే దెబ్బలు) 15 డీబీ పైన, అంటే 100లో ఉంటాయి. దానికి 50 వాట్లు కావాలి. మీ ఆంప్‌లో ఉన్నది సరిగ్గా అంతే. సగటుని 90కి తెస్తే దాదాపు 160 వాట్లు అడుగుతుంది. షాపువాళ్లు చెప్పే 100 వాట్ల ఆంప్ అదనంగా ఇచ్చేది 3 డీబీ మాత్రమే, నాబ్ కొద్దిగా తిప్పినంత. నిజంగా గట్టిగా వినాలంటే 91 డీబీ స్పీకర్లు మార్చడం మేలు, అది పవర్ మూడు రెట్లు చేసినట్టు.

రాక్‌ఊల్:
గది మారదు, ఒప్పుకుంటాను. వినే చెవి మారుతుందిగా. 1933లో ఫ్లెచర్, మన్సన్ గీసిన కర్వ్‌లు చెప్పేది అదే, శబ్దం పెరిగేకొద్దీ చెవి స్పందన మారుతుంది. అందుకే గది దోషం గట్టిగా పెట్టినప్పుడే బయటపడుతుంది.

చెవిలెక్క:
ఆ కర్వ్‌లు మీ వాదనకి పనికిరావండి, ఎదురు చెబుతాయి. తక్కువ శబ్దంలో మనకి బేస్ సరిగా వినపడదు, పెంచేకొద్దీ ఆ లోటు పూడుతుంది. ఆ లెక్కన గట్టిగా పెడితే పాట మరింత నిండుగా వినపడాలి గాని గుచ్చుకోకూడదు.

అయినా గది పాత్ర ఉంది, కారణం వేరు. చెవి నాళం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు, అది 3 కిలోహెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అందుకే 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య చెవి ముందుగా నొచ్చుకుంటుంది. 0.9 సెకను తోకలున్న గదిలో ఆ ప్రాంతానికి రెండు స్వరాల మధ్య విరామం దొరకదు. పైగా మాటలు కలిసిపోయి తెలియకపోతే జనం చేసే పని వాల్యూమ్ ఇంకొంచెం పెంచడం.

ఇంకో మాట, ఇది చాలామంది పట్టించుకోరు. అమెరికాలో పనిచోట ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ పనిచేసేవాళ్లకి సూచించిన పరిమితి 85 డీబీఏలో (చెవికి వినపడే తీరుకి సరిచేసిన డీబీ) 8 గంటలు, ప్రతి 3 డీబీకీ సమయం సగం. 94లో గంట, 100లో 15 నిమిషాలు. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి ఒకసారి చూడండి. 95 దాటి వింటుంటే గుచ్చుకోవడం చెవి చేస్తున్న హెచ్చరిక, ఏ ప్యానెలూ దాన్ని ఆపదు, ఆపకూడదు కూడా.

వోల్ట్‌మీటర్:
వాదన ఆపి కొలుద్దాం. మల్టీమీటర్ చాలు.

100 హెర్ట్జ్ సైన్ టోన్ ఫైల్ ఒకటి, మైనస్ 12 డీబీ స్థాయిలో చేసుకోండి, ఆడాసిటీ అనే ఉచిత ఆడియో సాఫ్ట్‌వేర్‌లో నిమిషం పని. పాట పెట్టి, గరుకుగా మారే చోటికి వాల్యూమ్ తిప్పండి. ఇక ఆ నాబ్ ముట్టుకోవద్దు. పాట ఆపి, ఆంప్ ఆఫ్ చేసి, స్పీకర్ వైర్లు విప్పేయండి (గాజు గొట్టాలుండే వాల్వ్ ఆంప్ అయితే విప్పొద్దు, లోడ్ లేకుండా నడిపితే ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది). మీటర్‌ని ఏసీ వోల్టేజ్‌లో పెట్టి ఒక చానల్ టెర్మినళ్లకి తగిలించండి. ఆంప్ ఆన్ చేసి అదే ప్లేయర్ నుంచి టోన్ వేయండి. మీటర్ ప్రోబ్ ఆంప్ లోహపు డబ్బాకి తగలనీయకండి, చాలా క్లాస్ డి (చిన్న డిజిటల్ తరహా) ఆంప్‌లలో మైనస్ టెర్మినల్ కూడా గ్రౌండ్ కాదు.

వచ్చిన రీడింగ్‌ని 4తో హెచ్చవేయండి. పాటలో ఫుల్ స్థాయి వచ్చినప్పుడు ఆంప్ ఇవ్వాల్సిన వోల్టేజ్ అది. 8 ఓములకి 50 వాట్లంటే 20 వోల్టులు. అది దాటితే క్లిప్పింగ్ (తరంగం పైభాగం తెగిపోవడం), దాటకపోతే ఆంప్ నిర్దోషి. టోన్ నాబ్‌లు మామూలుగా ఎలా ఉంచుతారో అలా ఒకసారి, మధ్యలో పెట్టి ఒకసారి, రెండు రీడింగ్‌లు కావాలి.

కరెంటాఫీసు:
వేళ కూడా చూసుకోండి. వేసవి సాయంత్రాలు ఊళ్లలో కరెంటు వోల్టేజ్ 230 నుంచి 190కి పడిపోవచ్చు. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఆంప్‌లో లోపలి వోల్టేజ్ దాంతోపాటే పడుతుంది, పవర్ వోల్టేజ్ వర్గం లెక్కన తగ్గుతుంది: 50 వాట్లది 34 అవుతుంది. పొద్దున బాగుండి రాత్రి గరుకుగా ఉంటే ముందు ప్లగ్ దగ్గర కొలవండి. చిన్న క్లాస్ డి బోర్డులకి 12 వోల్టుల అడాప్టర్ తగిలిస్తే 8 ఓములకి 9 వాట్ల దగ్గరే క్లిప్ అవుతాయి, డబ్బా మీద ఎంత రాసినా సరే. 24 వోల్టులైతే 36.

టైల్స్‌హాలు:
బేస్ నాబ్ నేను ఎప్పుడూ గడియారంలో 3 గంటల ముల్లు ఉండే చోట ఉంచుతాను. అలా 6.4 వోల్టులు. మధ్యలో పెడితే 3.3. ప్లగ్‌లో 228.

వోల్ట్‌మీటర్:
అయితే సగం సమస్య దొరికింది. 6.4 నాలుగు రెట్లు 25.6. దానికి 82 వాట్లు కావాలి, మీ దగ్గర 50. నాబ్ మధ్యలో ఉంటే 13.2 వోల్టులు, 22 వాట్లకే సరి. బేస్‌కి దాదాపు 6 డీబీ కలుపుతున్నారు, అంటే ఆ చోట నాలుగు రెట్ల పవర్. డప్పు దెబ్బ పడినప్పుడల్లా తరంగం పైభాగం తెగుతోంది, తెగిన అంచుల్లోంచి పుట్టిన హార్మోనిక్స్ (అదనపు పైస్వరాలు) ట్వీటర్‌లోకి, అంటే పైస్వరాలు పలికే చిన్న స్పీకర్‌లోకి, పోతున్నాయి. గరగర అదే.

కొత్త ఆంప్ వద్దు. బేస్ నాబ్ మధ్యలో పెట్టి, స్పీకర్లని వెనక గోడకి ఇంకో అర అడుగు దగ్గరికి జరపండి. బేస్ గోడ ఇస్తుంది, ఆంప్ మీద బరువు పడదు. లౌడ్‌నెస్ బటన్ ఉంటే ఆపేయండి, అది తక్కువ వాల్యూమ్ కోసం పెట్టింది.

టైల్స్‌హాలు:
బేస్ మధ్యలో పెట్టాక డప్పు గరుకు పోయింది. ఆడగొంతు పైస్థాయి మాత్రం ఇంకా తగులుతోంది. యాప్‌లో 86, 87 చూపిస్తోంది.

రాక్‌ఊల్:
ఇది నా భాగం. మీకు ఇంకో 9 చదరపు మీటర్ల పీల్చుడు కావాలి. మందపాటి 6×9 తివాచీ సోఫాకీ స్పీకర్లకీ మధ్య పరిస్తే 2 వస్తుంది. గాజు తలుపుకి బరువైన కర్టెన్, తలుపు వెడల్పుకి రెట్టింపు గుడ్డతో మడతలుగా వేస్తే రెండున్నర. మిగతాది ఆరు ప్యానెళ్లు: ఘనమీటర్‌కి 48 కిలోల డెన్సిటీ ఉన్న రాక్‌ఊల్ (రాతి నార) స్లాబు, 50 మిల్లీమీటర్లు, 4×2 అడుగులు, చెక్క ఫ్రేములో, పైన ఖాదీ గుడ్డ, గోడకి 50 మిల్లీమీటర్ల ఎడం. ఎడం వదలకపోతే కింది ధ్వనుల్లో ఫలితం తగ్గుతుంది. అంగుళం నురగ షీట్లు కొనొద్దు, అవి పై ధ్వనులే తాగుతాయి, గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టు మిగులుతుంది. కోసేటప్పుడు మాస్క్, గ్లౌజులు తప్పనిసరి.

చోటు: సోఫాలో కూర్చుని, గోడ వెంట అద్దం జరపమనండి. ట్వీటర్ కనపడిన చోటల్లా ఒకటి.

చెవిలెక్క:
ప్యానెళ్ల ముందు ఒక ప్రయోగం ఉచితం. ఈక్వలైజర్‌లో 3 కిలోహెర్ట్జ్ దగ్గర 2 డీబీ తగ్గించి వారం వినండి. స్పీకర్లని పక్కకి తిప్పడం ఇక్కడ పెద్దగా పనిచేయదు, అది 8 కిలోహెర్ట్జ్ పైన తగ్గిస్తుంది గాని 3 దగ్గర కాదు.

వోల్ట్‌మీటర్:
ఈక్వలైజర్ లేకపోతే ట్వీటర్ ముందు, క్రాసోవర్ (పైస్వరాల్నీ కిందిస్వరాల్నీ విడదీసే సర్క్యూట్) తర్వాత, 1.5 ఓములు సిరీస్‌లో, 33 ఓములు ట్వీటర్‌కి అడ్డంగా, రెండూ 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్లు. 8 ఓముల ట్వీటర్ 1.8 డీబీ తగ్గుతుంది, క్రాసోవర్‌కి లోడ్ మారదు.

రాక్‌ఊల్:
దీనికి నేను ఒప్పుకోను. గది చేసే తప్పుకి స్పీకర్‌ని మొద్దు చేస్తే, రేపు తివాచీ, కర్టెన్ పడ్డాక పాట చప్పబడిపోతుంది. ముందు తివాచీ, కర్టెన్. తర్వాత కూడా తగిలితే అప్పుడు రెసిస్టర్లు.

వోల్ట్‌మీటర్:
వరస మీరన్నదే ఉంచండి. కానీ ట్వీటర్ 4 ఓములదైతే నా విలువలు సగం చేయాలని మాత్రం గుర్తుంచుకోండి: 0.75, 16.