ప్రొఫెసర్ ఎంపికకు పాయింట్ల పట్టిక ఉండాలా, పోవాలా?

పాతప్రతి:
విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్‌గా నేరుగా నియమించడానికి పరిశోధన స్కోరు కనీసం 120 ఉండాలి. భాషా విభాగాల్లో ఒక పరిశోధన వ్యాసానికి 10 పాయింట్లు. జాతీయ స్థాయి ప్రచురణకర్త వేసిన సొంత పుస్తకానికీ అదే 10. పుస్తకం మొత్తం అనువదిస్తే 8. తాళపత్ర ప్రతులు ముందేసుకుని పాఠాంతరాలు పోల్చి ఒక కావ్యాన్ని పరిష్కరించే పనికి విడిగా గడే లేదు. మా తెలుగు శాఖలో ఒకాయన ఆ పనిలోనే ఏళ్లు గడిపారు. ఆలోగా, తమ పీహెచ్‌డీ గ్రంథాన్నే ముక్కలు కోసి వ్యాసాలుగా అచ్చువేయించుకున్నవారు ప్రొఫెసర్లయ్యారు. ఈ పట్టిక పోవాలి.

రసాయనశాల:
పాతప్రతి గారూ, పట్టిక లేని రోజులు మరిచిపోయినట్టున్నారు. 2010లో ఏపీఐ అనే పాయింట్ల లెక్క రాకముందు ఇంటర్వ్యూ గదిలో ఏం చూసేవారు? ఎవరి శిష్యుడు, ఏ కులం, ఎవరి సిఫారసు. ఇప్పుడు అన్యాయం జరిగితే నా స్కోరు ఇంత, ఎంపికైనవారిది ఇంత అని కోర్టు ముందు పెట్టగలను. ఆడవాళ్లకు, మొదటి తరం చదువరులకు ఆ కాగితమే అండ. పట్టికను సవరించమనండి, ఒప్పుకుంటాను. తీసేయమంటే మాత్రం ఒప్పుకోను.

గోడమీదపిల్లి:
కాగితం సరే, దాని మీద ఉన్నది ఎంత నిజం? డబ్బు కడితే వ్యాసం వేసే పత్రికలు పాయింట్ల గిరాకీతోనే బలిశాయి. యూజీసీయే తన ఆమోదిత జాబితా నుంచి 2018 మేలో 4,305 పత్రికలను తొలగించింది. తర్వాత నాణ్యమైన పత్రికలంటూ కేర్ జాబితా తెచ్చింది, 2025లో దాన్నీ ఎత్తేసింది. పత్రిక నాణ్యత తేల్చుకునే బాధ్యత మళ్లీ విశ్వవిద్యాలయాలదే. అంటే మీరు భయపడే ఆ గదిలోవాళ్లదే!

పాతప్రతి:
లెక్కపెట్టడం మాని చదవమంటున్నాను. బ్రిటన్‌లో 2021లో విశ్వవిద్యాలయాల పరిశోధన మదింపుకు ఒక్కొక్కరి నుంచి సగటున రెండున్నర రచనలే అడిగారు, వాటిని నిపుణుల బృందాలు పరిశీలించాయి. మనమూ అభ్యర్థి తానే ఎంచుకున్న ఐదు రచనలు చదివించవచ్చు.

రసాయనశాల:
అక్కడ మాత్రం అందరూ సుఖంగా ఉన్నారా? 1964 తర్వాత పట్టుమని పది వ్యాసాలైనా రాయని బ్రిటన్ భౌతిక శాస్త్రవేత్త పీటర్ హిగ్స్, ఈనాటి పద్ధతిలో తనకు ఉద్యోగమే దొరకదని 2013లో నోబెల్ అందుకునే ముందు అన్నారు. పైగా అక్కడ మదింపు చేసేది ఒక్కొక్క అధ్యాపకుణ్ణి కాదు, శాఖను. ఇక మన దగ్గర ఆ చదివేవారిని నియమించేది ఎవరు?

పాతప్రతి:
పొరుగు రాష్ట్రాలవారిని పిలవాలి. వారు రాసిన అభిప్రాయాన్ని సంతకంతో సహా వెబ్‌సైట్‌లో పెట్టాలి. చదవకుండా సంతకం చేసినవారు అక్కడే దొరికిపోతారు.

రసాయనశాల:
సంతకంతో పెడితే సగం ఒప్పుకుంటాను. స్కోరు కూడా పక్కనే ఉండాలి.

కాంట్రాక్టు_మాస్టారు:
మీ ఇద్దరి గొడవ ప్రొఫెసర్ పోస్టు గురించి. కింది మెట్టు చూడండి. విశ్వవిద్యాలయ అసిస్టెంట్ ప్రొఫెసర్ వడపోత పట్టికలో వ్యాసానికి 2 మార్కులు, గరిష్ఠం 10. బోధనానుభవానికి ఏడాదికి 2, అక్కడా గరిష్ఠం 10. పదిహేనేళ్లుగా పీజీ తరగతులు నడుపుతున్న నాకూ, ఐదు వ్యాసాలు పోగేసిన నిన్నటి విద్యార్థికీ చెరో 10. నా పాఠం ఎలా ఉందో ఎవరూ లెక్కపెట్టలేదు, ఎవరూ వచ్చి వినలేదు. పాతప్రతి గారూ, మీ నిపుణులు ఐదు రచనలతో పాటు ఒక్క తరగతిలోనైనా వెనక బెంచీలో కూర్చుంటారా?